ఎడమ మూల

ముందు మూల చూస్తాను.
బంగారు రేకు పైకి పెట్టినప్పుడు
ఎడమ మూల కోసి ఉంటే ఐదు వోల్టుల కార్డు,
కుడి మూలైతే మూడు పాయింట్ మూడు.
ఈ ఒక్క కత్తిరింపు తెలియక
కుతాయిసిలో ఎంతమంది నా కొట్టు మెట్లు దిగొచ్చారో
"జుంబేర్, ఇది చచ్చిపోయింది" అంటూ.
చావలేదు. దాని మాట అర్థమయ్యేవాడు దొరకలేదు, అంతే.

గుగూలి తెచ్చింది ఎడమది.
వానకోటు లోపలి జేబులోంచి, చేతిరుమాలు మడతలోంచి
తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు మెగాబైట్లు.
ఈ రోజుల్లో ఒక్క పాట కూడా కాళ్ళు చాపుకోలేదు అందులో.

యాభై రెండు రకాలు చదువుతానని
అట్ట మీద రాసుకున్న రీడరు ఉంది నా దగ్గర.
నోళ్ళు మాత్రం నాలుగే.
అందులో పెడితే పచ్చదీపం వెలిగింది, ఆరింది,
వచ్చిందెవరో తలుపు సందులోంచి చూసి
మళ్ళీ గడియ పెట్టుకున్నట్టు.

కొత్తవాటికి పాతవన్నీ తెలుసంటారు.
కొంతవరకే.
నా దగ్గర పని నేర్చుకునే జాబా
రష్యన్ సినిమా చూసి పగలబడి నవ్వుతాడు,
ఆ భాషలో ఒక్క ముక్క రాయమంటే తల గోక్కుంటాడు.
కాంబో డ్రైవూ అంతే:
డీవీడీ చదువుతుంది, రాయదు.
సీడీ అయితే రెండూ చేస్తుంది.

"నేను కరెంటు మీటర్ల రీడరుని, పంతొమ్మిదేళ్ళు" అంది గుగూలి.
అయితే నువ్వూ రీడరువే అన్నాను. నవ్వలేదు.
రోజుకి మూడు గంటలే కరెంటున్న చలికాలంలో
గొగువా వాళ్ళ మీటరు చూసి
నాలుగు వందల డెబ్భై ఒకటి అని రాసిందట.
కాదన్నారు వాళ్ళు. ఆఫీసు తీగ కోసేసింది.
"ఫొటో తీశాను, సాక్ష్యం ఉంది!" అని మెట్ల మీద అరిచిందట.
ఆ తర్వాత కెమెరా పాడైంది.
పలకరింపు కూడా.

మూడో రోజు మధ్యాహ్నం
అటక మీంచి ఇటుకంత ల్యాప్‌టాప్ దింపాను.
కీలు విరిగింది, తెరకి గోడ ఆసరా.
పక్కన గాడిలో దూర్చే ఇనప రేకు ఒకటి ఉంది,
దానికి రెండు వోల్టులూ తెలుసు.
ఫ్యాను దగ్గింది. పదకొండు బొమ్మలు.

ఏడోది గొగువా వాళ్ళది.
మీటరు వెనక వంటగది ముక్క,
ఉల్లిపాయల జడ, ఎవరో పిల్లాడి చెవి.
అంకెలు: నాలుగు, ఒకటి, ఏడు.

జాబా నోరు తెరిచాడు. వాడి కాలు తొక్కాను.
గుగూలి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది.
"పెద్దది చెయ్యి."
చేశాను. అంకెలు గళ్ళు గళ్ళుగా విడిపోయాయి.
గళ్ళు కూడా అదే చెప్పాయి.

బయట రియోని నది మీంచి ట్రక్కు పోతున్న చప్పుడు.
"సీడీలో వెయ్యి" అంది చాలాసేపటికి.
చెరిపేయమంటుందనుకున్నాను.
పాత డ్రైవు మూలిగి, గిర్రున తిరిగి,
వేడిగా బయటికి నెట్టింది.

"వాళ్ళ టీవీ కింద డబ్బా ఉంటుంది, అందులో ఆడుతుందా ఇది?"
ఏ కంపెనీది, ఏ సంవత్సరందని అడిగాను.
"తెలీదు. ఆ గదిలో కాలు పెట్టి ఇరవై ఏళ్ళు."

ఆడుతుందని నేనెలా చెప్పను?
అంచులు పట్టుకో, మధ్యలో వేళ్ళు తగలనీకు
అని మాత్రం చెప్పాను.