వెయ్యి సెకన్ల హద్దు

తార్తూలో మంచు కురుస్తున్న రాత్రి
మారికా ఇంట్లో మూడు కాలాలు.
లాప్‌టాప్‌లో పదకొండూ పది,
గుమ్మం కెమెరాలో పదకొండూ పదమూడు,
అటక మీది పాత పెట్టెలో
1970, జనవరి ఒకటి.
లోపలి బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

రౌటర్ 123వ తలుపు మూసుక్కూర్చుంది.
తెరిచింది.
కెమెరా బుద్ధిగా సర్దుకుంది.
పెట్టె మాత్రం ససేమిరా అంది:
తేడా వెయ్యి సెకన్లు దాటితే
చెప్పినవాడిదే తప్పనుకుంటుందట.

"అచ్చం మా ఉర్మస్ అన్నయ్యే" అనుకుని
తేదీ తనే చేత్తో కొట్టింది.
యాభై చిల్లర ఏళ్ళు
ఒక్క ఎంటర్‌కి గడిచిపోయాయి.

పొద్దున బస్సుకి మాత్రం
ఓవెన్ మీది గడియారమే చూసుకుంది.
ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది,
ఎవరినీ అడగదు.