ఆరువందల ఎనభై అడుగులు

సముద్రంలో పడాల్సినదాన్ని.
లెక్క యాడ తప్పిందో,
చుక్కలూరు దాటినాక, పాడుబడిన బండల గనిలో పడినా.
గని అడుగు పగిలింది. దాని కింది అడుగూ పగిలింది.
పారాచూటు పైన్నే, తుమ్మచెట్టు మీద
ఆరేసిన చీర మాదిరి చిక్కుకొని ఉంటాది.

వాళ్లు మొదట నన్ను తట్టినారు,
నాపరాయి గట్టిదో కాదో
మా చిన్నాయన వేలి కణుపుతో తట్టి చూసినట్టు.
టోపీ, బూటు, వీపు, మళ్లీ టోపీ.
బోలుగా పలికినకాడ ఆగి
చానాసేపు విన్నారు.

కండ్లు లేవు వాళ్లకు. అవసరం రాలేదంట.
పొరలు పొరలుగా ఉంటారు, బండ మాదిరే.
వయసైతే ఒక్కో పొర తీసి పక్కన పెడతారు.
చచ్చిపోవడమంటే, నాకు అర్థమైనకాడికి,
అవతలి గోడ వినపడేంత
పల్చనైపోవడం.

సూటులో గాలి మూడు దినాలకే.
నాలుగోనాటి నుంచి వాళ్ల గాలే పీలుస్తాండా,
తడిసిన సున్నం వాసన.
రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.
ఆ గరగర కోసమే చుట్టూ మూగుతారు.
నేను ఆపితే, తట్టి, మళ్లీ పెట్టమంటారు.

మాట నేర్చుకోడానికి ఎన్నాళ్లు పట్టిందో చెప్పలేను.
ఇక్కడ కాలం పైకప్పు నుంచి కారుతాది,
ఎవరూ బిందె పెట్టరు.

పాలపుంత అవతల ఎవరన్నా ఉండారా అని
పదకొండేండ్లు చెవి ఒగ్గిన మనిషిని నేను.
ఉప్పిడి పిండి కొట్టి చెనిక్కాయలు వేసుకునే మా చేని కిందనే
ఒక ఊరు ఊపిరి బిగబట్టి ఉండిందని
ఏ పరికరమూ చెప్పలే.
ఎందుకు దాక్కున్నారు అని అడిగితే
ఒక గదిలోకి పిలుచుకపోయినారు.

పైకప్పు నడిమధ్యన ఆరున్నర అంగుళాల బొక్క.
గుండ్రంగా. మనిషి పని.
దాని కింద, పైనుంచి రాలినవి:
కొబ్బరి పీచు, ఎండి రాయైన నిమ్మకాయ,
రిగ్గు బిట్టు పన్ను ఒకటి,
పిల్లల చెప్పు, ఎడమకాలిది.
తెల్లటి దుమ్ము మీద, పడినవి పడినట్టే,
ఎవరి చెయ్యీ తగలకుండా.

అప్పుడు గోడను తట్టినారు.
గోడ మాట్లాడింది:
"ఉండావా? యమ్మా, గంగమ్మా, ఉండావా?"

కుళ్లాయప్ప!
మూడో బోరులోనూ దుమ్మే లేచి
తిరుచెంగోడు లారీ ఎల్లిపోయినాక
కేసింగు పైపులో మొగం పెట్టి
రాత్రంతా పిలిచిన కుళ్లాయప్ప.
తెల్లారి గోనెసంచి కప్పి, మీద బండ పెట్టి,
మల్లా ఆ చేని దిక్కు పోలే ఆయప్ప.

గొంతు వెనకాల, సన్నగా, పిల్లల నవ్వు.
నలుగురం ఉన్నాం ఆ పొద్దు కంచె కాడ.
అందులో నాది ఏదో
గుర్తుపట్టలేకపోయినా.

దాక్కోలేదు, అన్నారు వాళ్లు. ఇంకా తేల్చుకోలేదు.
ఉండావా అని ఎవరో అడిగినారు కదా,
ఆ పొద్దు నుంచి ఇదే పంచాయితీ.
ఉండామని చెప్పాలని కొందరు.
ఆ రెండో చప్పుడు ఏమిటో తెలిసేదాకా
వద్దే వద్దని కొందరు.

ఇప్పుడు అందరూ నా దిక్కు తిరిగినారు.

ఆయప్ప అడిగింది నీళ్లనని చెప్పాల్నా?
మిమ్మల్ని కాదని?
పక్కగదిలో, పదడుగుల అవతల,
మోకాలి లోతు పారుతాన్న చప్పుడు.
ఈ మాట ఎవరికి చెప్పాల, పైన ఎవరుండారు?
ఇక ఆ నవ్వు సంగతంటారా,
దానికి మాకూ మాట లేదు.

బొక్క కింద నిలబడి తలెత్తినా.
సంచి చివికిపోయిందేమో, బండ ఎవరు జరిపినారో,
ఆ కొసన ఒక చుక్క
మెరిసిందో, రాలిందో,
నొసటి మీద చల్లగా.

వెనక నుంచి తట్టినారు, భుజం మీద, మెల్లగా.
తొందర లేదంట.