నూటికి డెబ్బై

ఆల్బోర్గ్ ఆస్పత్రి నేలమాళిగలో
నాకు కిటికీ లేదు, మైనపు దిమ్మెలున్నాయి.
దిమ్మెకో నంబరు. నంబరు వెనక ఒక గొంతు.
గొంతంటే నాకు మాట కాదు,
గోరంత టాన్సిల్ ముక్క.

వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోస్తాను.
గోరువెచ్చని నీళ్లమీద వదిలితే
ముడతలు విప్పుకుని పరుచుకుంటుంది,
పాలమీద మీగడలా.
ఊపిరి బిగబట్టి గాజుపలక మీదికి ఎత్తుకుంటాను.
తుమ్మొచ్చిందా, ఒక మనిషి ఎగిరిపోతాడు.

తర్వాత రంగు.
పి పదహారు అనే ప్రొటీన్ పోగుపడి ఉంటే
కణాలు గోధుమరంగు తిరుగుతాయి,
కాఫీ ఒలికిన బల్లగుడ్డలా.
మా లెక్క నూటికి డెబ్బై.
డెబ్బై దాటితే రిపోర్టులో అవును.
అరవై తొమ్మిదైతే?
నా కంటి అలసటని అడగండి.

ఈ జబ్బులో ఒక తిరకాసుంది.
వైరస్ దొరికిందంటే డాక్టర్ల భుజాలు సడలుతాయి.
దొంగ దొరికాడని కాదు,
ఈ దొంగ మందుకి లొంగే రకమని.
పొగ పెట్టిన పుండు మొండిది.
వైరస్ పెట్టింది చెప్పినమాట వింటుంది, చాలాసార్లు.
చాలాసార్లు అన్నాను. రాసుకోండి.

మాది హాన్‌స్ట్‌హోమ్, చేపల రేవు.
శుక్రవారం భోజనాల దగ్గర
ముల్లు తీసుకుంటూ మా అన్న ఆస్గెర్ అన్నాడు:
"టోర్కిల్ వేలంపాటకి రావట్లేదు. మెడలో గడ్డట."

టోర్కిల్!
తెల్లారగట్ల ఐదింటికి
మంచు కప్పిన కాడ్ పెట్టెల మధ్య నిలబడి
ఒక్క ఊపిరిలో నలభై ధరలు పాడేవాడు.
వాన చప్పుడు ఆయన కిందే ఉండేది.
నేనేమీ అనలేదు.
బంగాళదుంపలు ఇటు జరపమన్నాను.

సోమవారం ఒక దిమ్మె వచ్చింది.
మగ, అరవై రెండు, ఎడమ టాన్సిల్.
పేరుండదు. అడగకూడదు.
ఈ ప్రాంతంలో అరవై రెండేళ్ల ఎడమ టాన్సిళ్లు
ఎన్ని లేవు గనక.

గోధుమరంగు వచ్చింది.
నిండుగా, తొంభైకి పైనే.
ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ సైకిల్ తొక్కాను.

బుధవారం రెండో పరీక్ష,
వైరస్ జన్యువుల కోసం వెతికేది.
లేవు.
మళ్లీ చేశాను.
లేవు.
గుమ్మంలో చెప్పులున్నాయి,
ఇంట్లో మనిషి లేడు.

ఇలాంటివాళ్లు నూటికి పదిమందో, ఇంకా తక్కువో.
రెండు పరీక్షలూ అవునన్నవాళ్లంత అదృష్టం లేదు,
రెండూ కాదన్నవాళ్లకంటే కాస్త నయం.
ఏ కుర్చీలోనూ పూర్తిగా కూర్చోనివ్వని నడిమధ్య.
ఒక్క రంగుతో ఆపేసి ఉంటే
మోతాదు తగ్గిద్దామని ఎవరో ఒకరు అనేవారే.

డాక్టర్ మెరెటె నా రెండు వాక్యాలూ చదివి ఫోన్ చేసింది.
"నమ్మకమేనా?"
"రంగు నమ్మకమే. వైరస్ లేదన్నదీ నమ్మకమే."
"అయితే పూర్తిగా," అని పెట్టేసింది.
ముప్పై మూడుసార్లు రేడియేషన్.

ఆ నెలలోనే బేకరీలో
టోర్కిల్ భార్య బోదిల్ నా చెయ్యి పట్టుకుంది.
"నువ్వు ఆ పనిలోనే ఉన్నావుగా.
గొంతులో ఆ వైరస్ ఎవరి ముద్దులోంచి వస్తుంది?"
"దానిమీద తారీఖుండదు బోదిల్.
ముప్పై ఏళ్ల కిందటిదైనా కావచ్చు.
అసలు లేకపోనూవచ్చు."
చివరి మాట నోరు జారింది.
ఎవరి గురించి అన్నానో నాకూ తెలీదు.
ఆమె రొట్టె తీసుకుంది, చిల్లర మరిచిపోయింది.

మార్చిలో ఒక తెల్లవారుజామున
ఆస్గెర్ వెంట రేవుకెళ్లాను.
టోర్కిల్ ఉన్నాడు.
కాలరు రెండువేళ్లంత వదులు,
మెడ చర్మం కొత్తది, కందిపోయి.
గొంతులో ఇసుక రాలుతోంది.
పాట పోయింది, వేలం మిగిలింది.

కొనేవాళ్లు దగ్గరికి జరిగారు.
ఎవరో ఫోర్క్‌లిఫ్ట్ ఆపేశారు.
పెట్టెల్లో మంచు చిట్లడం వినిపించింది.
ధర అరవై తొమ్మిది దగ్గరికొచ్చి ఆగింది.
ఆయన చెయ్యెత్తి, ఉండమని,
ఎండిన నోట్లోకి సీసాలో నీళ్లు వంచుకున్నాడు.

ఉన్నాం.