పలక గుర్తు

పద్దెనిమిదో రౌండు అయ్యాక
ఒంగోలులో కాలేజీ గేటు బయట
కాశింపీరా వేళ్ళమీద లెక్క చెప్పాడు.
మనకి మూడువేల నూటపద్నాలుగు,
నోటాకి మూడువేల ఆరొందల చిల్లర.
"ఎవరూ వద్దన్నోళ్ళే మనకన్నా ఎక్కువన్నా" అని
నవ్వబోయి దగ్గాడు.

టపాసుల పొగలో
గెలిచినోళ్ళ కారొకటి ఆగింది. అద్దం దించి ఎవరో
"మాస్టారికి నా నమస్కారం చెప్పండి" అన్నారు.
ఎగతాళి కాదు.
అందుకే ఎక్కువ కుట్టింది.

మార్కాపురం బస్సులో ఇస్రాయేలు మాస్టారు కిటికీ పక్కన.
పొదిలి దాకా నోరు విప్పలేదు.
అక్కడ నీళ్ళ సీసా కొని, మూత తీయకుండా తిప్పుతూ
"మా బూతులో ఎన్ని?" అన్నాడు.
తొమ్మిది.
ఆయనింట్లోనే పదకొండు ఓట్లు.
నేను కాగితం వెతుక్కుంటున్నట్టు నటించాను.
ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినాయన,
నా ముఖం చూసి తీసివేత చేసుకున్నాడు.

గుర్తు వచ్చిన రోజు ఎంత సంబరం!
పలకల ఊరికి పలక గుర్తు.
మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక గుట్టలోంచి
అంచులు విరిగినవి ట్రాలీ ఆటోలో తెచ్చి
సుద్దతో "నీళ్ళు" అని రాసి
ఇంటికొకటి పంచాం.
ఇప్పటికీ ఉన్నాయి,
కుండలమీద మూతలై,
కోళ్ళగూటికి తలుపై,
ఒకచోట ఇస్త్రీపెట్టె కింద.
ఓటు మాత్రం ముందురోజు రాత్రి కవరులో వచ్చినదానికి పోయింది.
ఎవర్ని తిట్టను?
ఆ కవరుతో వెంగమ్మ
నెలరోజుల క్యాన్ల నీళ్ళు కొనుక్కుంది.

పంక్చర్ షాపు పైన మా ఆఫీసు.
ఓనరు మెట్ల కింద నిలబడి
"మీరు కాబట్టి అడగలేకపోతున్నా,
ఒకటో తారీఖుకి..." అని మిగతాది మింగేశాడు.
డిపాజిట్ గల్లంతు. అందులో సగం
కాశింపీరా మోపెడ్డు అమ్మిన డబ్బు.
ఇప్పుడు నడిచి వస్తున్నాడు,
నడిస్తే షుగరుకి మంచిదంటాడు.

రాత్రి ఫోను. పెద్ద పార్టీ మనిషి, తేనె గొంతు.
"వచ్చి కలిసిపోండి మాస్టారూ,
ఏ నదైనా చివరికి సముద్రంలో కలవాల్సిందే గదా?"
"మా దగ్గర పారే నదే ఉంటే
ఈ పార్టీ ఎందుకు పెడతామయ్యా" అని
మాస్టారు ఫోను పెట్టేశాడు.
పెట్టాక చాలాసేపు
దానివంకే చూశాడు. అదీ చూశాను నేను.

ఆదివారం మీటింగు. పన్నెండు కుర్చీలు, ఏడుగురం.
ఒకడు యూట్యూబ్ ఛానల్ అన్నాడు,
ఒకడు పంచాయతీల్లో నిలబడదామన్నాడు,
ఒకడు ఏమీ అనకుండా టీ తాగి
చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాడు మళ్ళీ రాడు.
ఈసారి పలక గుర్తు వేరేవాళ్ళకి పోవచ్చట.
నేను కార్యదర్శిని. రిజిస్టరులో
"భవిష్యత్ కార్యాచరణ" అని రాసి
కింద రెండు గీతలు కొట్టాను.
గీతల కింద ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు.

అప్పుడు మెట్లెక్కి వచ్చింది వెంగమ్మ, ఆయాసపడుతూ.
"ట్యాంకరు రాక మూడ్రోజులైంది అబ్బయా.
నీళ్ళ పార్టీ ఇదే గదా?"
"ఓడిపోయాం అవ్వా."
"తెలుసులే. నేనూ ఎయ్యలా" అంది,
కుర్చీ లాక్కుంటూ. "అర్జీ రాయి."

తెల్ల కాగితాలు అయిపోయాయి.
మాస్టారు నా రిజిస్టరు అందుకుని
ఆ పేజీనే చించి, వెనక్కి తిప్పాడు.
"మాస్టారూ, అవతల హెడ్డింగు ఉంది..."
"ఉండనీ."

గౌరవనీయులైన కమిషనరు గారికి,
మూడో వీధి చివరి కొళాయి దగ్గర...

వెంగమ్మ ఎడమ బొటనవేలు నొక్కింది.
పక్క వేలి గోటిమీద
ఓటు సిరా ఇంకా పోలేదు.