పందొమ్మిది కుర్చీల కిరాయి

డిసెంబరు ఇరవై నాలుగు.
హాలియాల మా టెంట్ హౌస్ ముందు
పొద్దు వొడవకముందే మూడు ట్రాలీలు.
మా అబ్బా నాటి చిట్టీ పుస్తకంల
ఎడమ దిక్కు పేర్లు, కుడి దిక్కు బాకీలు.
యేసయ్య పుట్టినరోజుకు
బాకీ వెట్టని ఊరు లేదు.

సంగెపు దీనమ్మ పెద్ద దేగిశ వంచి
వేలుతోని గీకి, వాసన జూసింది.
"మీ ఉర్సు బిర్యానీ ఇంకా ఇడ్వలేదయ్యా."
"ఇడ్వదమ్మా, రాగిది,
దానికి యాది ఎక్కువ."
నవ్వుకుంట చింతపండు తెచ్చి తనే తోముకపోయింది.
ఆళ్ల చర్చికి ఏసిన సున్నం ఇంకా ఆరలే.
రేపు పగటీలి ఆ గోడల నడుమ
కొత్త చీరెలన్ని మడత గీతలతోటే కూసుంటయి.

గుట్ట మీది తండాల మైకు నేనే బిగించిన.
సోనీబాయి గోరు మాటల్ల పాట ఎత్తుకోని
గిర్రున తిరిగితే
పేటియా అద్దాల చుక్కలు
గొర్లదొడ్డి గోడ మీద ఉరికినయి.
"జర నిమ్మళంగ అమ్మా, ఇది తీజ్ కాదు" అన్నడు
పట్నం నుంచి వచ్చిన పాస్టరు.
"తీజ్‌కు ఆడింది గీ కాళ్లే బాపూ,
దేవునికని కొత్త కాళ్లు యాడికెళ్లి తేవాలె?"

దవాఖాన నర్సు లిల్లీకుట్టికి
నిచ్చెన ఒక్కటే కావాలె.
కాయితం నక్షత్రాన్ని క్వార్టరు అంచుకు కట్టి
ఫోన్ల కేరళల ఉన్న అమ్మకు జూపి
నిచ్చెన మీదనే కూసోని ఏడ్చింది.
నేను కింద నిచ్చెన వట్టుకోని
కరెంటు తీగెల మీది కాకుల్ని లెక్కవెట్టిన.
కిరాయి ఇరవై రూపాయలు.

కాలువ కట్ట కింద ఇటుక బట్టీ.
ఇసాక్ రైకా, గజపతి జిల్లా పిలగాడు.
వాని తెలుగుకు నెలరోజుల వయసు.
"కుర్సీలు. ఇరవై. మంచివి."
పైసలు లేవు, ఆధార్ కార్డు కుదువ వెట్టిండు.

రాత్రి పదింటికి దీనమ్మోళ్లకు కుర్చీలు తక్కువ వడ్డయి.
బట్టీ కాడ మిగిలినయేమన్న ఉంటే తెద్దామని వోయిన.

ఎర్రమన్ను మీద చీపురు చారలు.
వరుసకు పది, రెండు వరుసలు, నా నీలం కుర్చీలు.
ఒక్కదాంట్ల ఎవ్వలు లేరు.
ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లజెల్ల
పచ్చి ఇటుకల పక్కన నేల మీద.
"కుర్చీల్ల కూసోరాదు?"
"అవి సుట్టాలకు" అన్నడు ఇసాక్.
సేటును పిలిచిన్రంట. మున్షీని, పాలాయనను,
కిరాణం ఆమెను, ఊళ్లె ఎదురైనోళ్లనందర్ని.
"మా దగ్గర పండుగంటే
పక్కూరోళ్లు ముందు తినాలె."

మంచు దిగుతున్నది.
ప్లాస్టిక్ మీద సన్నటి తడి.
కుర్చీల కోసం వచ్చిన అన్న మాట
నోట్లెనే ఉండిపోయింది.
ఒక ముసలామె లేచి
కొంగుతోని మొదటి కుర్చీ తుడిచింది.
ముప్పై ఏండ్ల సంది కుర్చీలు మోస్తున్న.
నా కోసమని ఒక్కటి
ఎవ్వలు తుడువలే.

కూసున్న.
అప్పుడు మొదలువెట్టిన్రు.
ఖాళీ నూనె డబ్బా మీద దరువు,
దాని వెనక నలభై గొంతులు.
ఒక్క ముక్క సమజు కాలే,
"మరియం" అన్న పేరు తప్ప.
ఆ పేరు నాకు కొత్తది కాదు.
తెల్లారగట్ల అమ్మీ చదువుతుంటే
దుప్పట్లకెళ్లి విన్నదే.

ఆకుల చుట్టి ఉడికిచ్చిన బియ్యప్పిండి ముద్ద,
నడుమ బెల్లం, కొబ్బరి.
వేళ్లు కాల్నయి. ఇంకోటి అడిగిన.

దీనమ్మోళ్లు చాపలేసుకున్నరంట,
తెల్లారి ఫోన్ల తిట్టింది.
మా బిడ్డ నస్రీన్ చిట్టీ జూసి
"బట్టీకి ఇరవై పంపినవు గద అబ్బా,
పందొమ్మిది రాసినవేంది?"
"ఒకటి కిరాయికి వోలే బిడ్డా."

ఇసాక్ కార్డు ఇంకా గల్లాపెట్టెల్నే ఉన్నది.
వాపసు ఇచ్చి రావాలె.
ఖాళీ చేతులతోని ఎట్ల వోత.