చోటు

మాలో ఎవరైనా జబ్బుపడితే
వాళ్ళ చోటు అలాగే వదిలేసి కవాతు చేస్తాం.
చుట్టూ నూట యాభై మంది సుడి తిరిగినా
ఆ రెండడుగుల గడ్డిని ఎవరూ తొక్కరు.

డెల్మర్ విట్‌కాఫ్, నీ చోటు ఎక్కడని వదలాలి?
నలభై ఒక్క వేసవులు మాతో తిరిగావు,
ఒక్కనాడూ సున్నపు గీత దాటి లోపలికి రాలేదు.

నీది లారీ.
అయోవా నుంచి ఒహాయో దాకా రాత్రంతా నడిపి
మేమింకా ఏదో ఊరి బడిలో, జిమ్ నేలమీద
ముసుగుతన్ని పడుకుని ఉండగానే
డ్రమ్ములు దించి వరసపెట్టేవాడివి.
మెడలో తాళంచెవి. ఇంటిది కాదు, డ్రమ్ము బిగించేది.
కుడి చెవి ఎప్పుడో పోయింది నీకు.
డ్రమ్ము మొహం మీద చిటికెన వేలు ఆనించి
"ఇది అబద్ధమాడుతోంది" అనేవాడివి,
పావు చుట్టు తిప్పేవాడివి.

పదిహేడేళ్ళప్పుడు అలెన్‌టౌన్‌లో, అందరి ముందూ
కర్ర జారవిడిచి, నీ లారీ చక్రం పక్కన ఏడ్చాను.
ఓదార్చలేదు. ఉడికించిన గుడ్డొకటి చేతిలో పెట్టి
"ఉప్పైపోయింది" అన్నావు.
ఇప్పటికీ గుడ్డు ఉప్పు లేకుండానే తింటాను.

డుబ్యూక్ చర్చిలో డ్రమ్ములొద్దంది మార్జెట్.
సరేనన్నాం.
బల్లల మీద వేళ్ళు మాత్రం ఊరుకోలేదు,
రేకుల కప్పు మీద చినుకులు మొదలైనట్టు.

నిన్న పొద్దున, లారీ వెనక,
కొత్తగా చేరిన పిల్లొకతి వేలు ఆనించి
"అబద్ధమాడుతోంది" అంది.

అది నిన్ను చూడనే లేదు.