మూడో పీరియడ్

కోస్గి నుంచి పొద్దుటి బస్సుల తెచ్చిన చార్టును
సున్నం రాలే గోడకు
అన్నం మెతుకులతోని అతికిచ్చిన.
బొమ్మల పిల్లకు బట్టల్లేవు. బొడ్డుంది.

"ఇదేంది?" చెయ్యి.
"ఇది?" మోకాలు.
"మరి ఇది?"
నలభై కండ్లు ఒక్కసారే కిటికీ దిక్కు తిరిగినయ్,
ఆముదం చేన్ల అప్పుడే ఏదో మొలిచినట్టు.

బీచుపల్లి గాడు గొణిగిండు: "షేమ్ షేమ్, మేడం."
ఇంట్ల దానికి అదే పేరు.
మా ఇంట్లనూ అదే.

గుండెను గీసిన, కన్నును అడ్డంగ కోసి చూపిన,
ఈ ఒక్క మాట పలుకనీకె
నాకు ముప్పై ఎనిమిదేండ్లు పట్టింది.
పలికిన.
పైకప్పు కూలలే.
పక్క క్లాసుల ఎక్కాలు ఆగలే.
నవ్విన్రు, రెండు నిమిషాలు.
తర్వాత అదీ ముక్కు లెక్క, మోచెయ్యి లెక్క
పేరున్న ముచ్చటయింది.

"మీ పెయ్యి మీది. నచ్చకుంటే వద్దనాలె."
"పెద్దోళ్లయితే?" కురుమూర్తి అడిగిండు.
"పెద్దోళ్లయినా."
"చుట్టాలయితే?"
"చుట్టాలయినా."

నవనీత ఏమీ అడుగలే.
అమ్మానాయన పూణె పనికి పోయినకాన్నుంచి
మేనత్త ఇంట్ల ఉంటున్న పిల్ల.
చాక్‌పీసు ముక్కను గోరుతోని గీకుకుంట కూసుంది.

బెల్లు కొట్టిన్రు. గుడ్డు పెట్టే రోజు.
పళ్లాలు మోగిచ్చుకుంట అందరూ ఉరికిన్రు.
ఆమె మాత్రం నా నారాయణపేట చీర కొంగు పట్టుకుని
"అన్న మేడం. మొన్న.
మెల్లగ అన్న.
వినపడలేదేమో."

చాప మీద ఆమె పక్కన కూసున్న.
గోడ మీది పిల్ల మా ఇద్దరినీ చూస్తున్నది.
"నాకు వినపడ్డది బిడ్డా" అన్న.

బయట ఎవరో మా గుడ్లు లెక్కపెట్టి
రెండు పక్కకు పెట్టిన్రు.